శేషగిరిగారి కుడి మడమ

ఉదయం ఏడున్నరకి కెల్లీవిల్‌లోని ఆ ఇంటి ముందు కారు ఆపి, పక్కసందులోంచి వెనక్కి నడిస్తే పెరట్లో చిన్న గ్రానీ ఫ్లాట్ ఉంటుంది. ఒక గది, ఒక బాత్‌రూము, గోడకి ఆనుకుని కాస్త వంటగట్టు. అందులో శేషగిరిగారు ఒక్కరే ఉంటారు. ముందున్న పెద్ద ఇంట్లో కొడుకు బాలమురళి, కోడలు హరిప్రియ. నేను వెళ్ళే వేళకి ఆ ఇంటి గరాజు తలుపు పైకి లేస్తూ ఉండేది. రెండు కార్లు ఒకదాని వెనక ఒకటి బయటికొచ్చేవి. హరిప్రియగారు అద్దం దించి, "హాయ్ భానూ, ఇడ్లీ బ్యాటర్ ఫ్రిజ్‌లో ఉంది, మామయ్యగారికి రెండు చాలు, షుగర్ చెక్ చెయ్యి ప్లీజ్," అని ఒక్క గుక్కలో చెప్పి వెళ్ళిపోయేవారు.

వారానికి అయిదు రోజులు, రోజుకి గంటన్నర. స్నానం చేయించడం, టిఫిన్ పెట్టడం, మాత్రలు వేసుకున్నారో లేదో చూడడం నా పని. ఏజెన్సీవాళ్ళ కాగితంలో అలా రాసి ఉంది. అందులో లేని పని చెయ్యకూడదు. అందులో లేని వస్తువు కొని తీసుకెళ్ళకూడదు. చేరిన రోజే నా చేత సంతకం పెట్టించుకున్నారు.

మొదటి రోజు ఆయన మంచం మీద కూర్చుని, నా మెడలోని కార్డు మీద పేరు చదివి, తెలుగులో అడిగారు.

"భానుశ్రీ. ఏవూరమ్మాయ్ మనది?"

"దర్శి దగ్గర, అంకుల్."

"దర్శి దగ్గరంటే నలభై ఊళ్ళున్నయ్. పేరు చెప్పు. ఆ పక్క నేను తొక్కని గొడ్లచావిడి లేదు."

ఆయన అద్దంకి వైపు వారు. పశువుల ఆసుపత్రిలో ముప్పై ఎనిమిదేళ్ళు కాంపౌండరుగా చేశారు. నేను మా ఊరి పేరు చెప్పగానే మోకాలు తడుముకున్నారు.

"మీ పడమటి బజార్లో ఒకాయన గేదె నా మోకాలి చిప్ప జరిపింది. పొడిచే గేదె. ఆయన మీకేమన్నా అవుతాడా?"

"మా పెదనాన్న అయ్యుంటాడు అంకుల్. ఆయన గేదెలన్నీ పొడిచేవే."

"ఆయనా పొడిచేవాడే," అన్నారాయన.

నేను గట్టిగా నవ్వాను. నా నవ్వు నాకే కొత్తగా వినిపించింది. క్వేకర్స్ హిల్‌లో నేనుండే ఇంట్లో మొత్తం నలుగురు అమ్మాయిలం. ఎవరి షిఫ్టు వాళ్ళది. ఫ్రిజ్‌లో ఒక్కొక్కరికీ ఒక్కో అర, అర మీద పేరు రాసిన చీటీ. మిగతా ముగ్గురి మొహాల కంటే వాళ్ళు సింకులో వదిలిన గిన్నెలే నాకు బాగా తెలుసు. పగలంతా పెద్దవాళ్ళ ఇళ్ళల్లో గుడ్ మార్నింగ్ చెబుతూ, నిద్ర పట్టిందా అని అడుగుతూ తిరుగుతాను. వాళ్ళలో సగంమంది జవాబు చెప్పడం మరిచిపోయినవాళ్ళు. అమ్మకి ఫోన్ చేస్తే అమ్మ పొలంలో ఉంటుంది, సగం మాటలు గాలికే పోతాయి. నోరు తెరిచి నా భాషలో మాట్లాడే సమయమంటే శేషగిరిగారి దగ్గర గడిపే ఆ గంటన్నరే.

ఆయన కుడి మడమ మీద పుండు పది నెలలుగా మానలేదు. షుగరు వల్ల మడమలో స్పర్శ పోయింది. కొత్త చెప్పు ఒరుసుకున్న సంగతి సాక్సు తడిసేదాకా ఆయనకి తెలియలేదు. అదే కాలికి అంతకుముందే రెండు వేళ్ళు తీసేశారు. పుండు చుట్టూ నల్లటి చెక్కు కట్టి, మధ్యలో పసుపు పచ్చగా కుళ్ళిన కండ జిగురులా పట్టుకుని ఉండేది. రెండు వారాల్లో శుభ్రపడకపోతే మోకాలి కింద నుంచి తీసెయ్యాలని సర్జన్ చెప్పాడు. గీకి శుభ్రం చెయ్యాలంటే నాలుగైదుసార్లు మత్తుమందు ఇవ్వాలి, అన్నిసార్లు శేషగిరిగారి గుండె తట్టుకోదు.

కట్టు మార్చడానికి వచ్చే నర్సు పేరు షెరిల్. అరవై దాటిన తెల్లావిడ. అందరినీ 'లవ్' అని పిలుస్తుంది. పురుగుల మాట ఎత్తింది ఆవిడే. ల్యాబులో ఈగ గుడ్లని కడిగి, సూక్ష్మక్రిములు లేకుండా పొదిగించిన పిల్ల పురుగులు కొరియర్‌లో వస్తాయట. పుండులో వేసి మూడు రోజులు ఉంచితే, చచ్చిన కండని కరిగించి తింటాయి, బతికిన కండ జోలికి రావు. ఇది బాలమురళిగారికి ఫోన్లో చెబితే, పురుగులా అని రెండుసార్లు అడిగారట. తర్వాత "డాడ్‌కి మీరే చెప్పండి," అన్నారట.

షెరిల్ చెప్పింది, నేను తెలుగులో చెప్పాను. శేషగిరిగారు అంతా విని, కళ్ళజోడు తీసి పైపంచెతో తుడుచుకున్నారు.

"ఏందమ్మాయ్, ఈవిడ తమాషా చేస్తందా?"

"లేదు అంకుల్, నిజంగానే."

"ముప్పై ఎనిమిదేళ్ళు ఈటిని చంపేగా జీతం తిన్నాను! గిట్టల మధ్యనా, కొమ్ము విరిగిన చోటా, యాడ పురుగు పడినా కాంపౌండరే కావాల. కర్పూరం కలిపిన నూనె పోస్తే ఊపిరాడక తలకాయలు బయటపెడతయ్. ఒక్కొక్కటే లాగి పళ్ళెంలో పెడితే రైతు లెక్కేసుకునేవాడు."

నేను షెరిల్‌కి చెప్పాను. ఆవిడ పడీ పడీ నవ్వింది. ఆ పశువుల పురుగులు వేరే జాతి, అవి బతికిన కండని తింటాయి, ఇవి అలా కాదని మళ్ళీ వివరించింది. ఆయన తల ఊపారు.

"సరే కానీమను. కాలు తీయించుకునేకంటే ఇదే నయం. మా స్టాఫులో ఎవడికన్నా తెలిస్తే మాత్రం ఊళ్ళో తలెత్తుకోలేను."

సోమవారం పొద్దున కొరియర్ వచ్చింది. చిన్న సీసాలో తెల్లటి నలుసులు, నువ్వుగింజ కంటే సన్నం. షెరిల్ పుండు అంచుల చుట్టూ మెత్తటి పట్టీ అంటించి, నలుసుల్ని సెలైన్‌తో పుండులోకి దించి, పైన సన్నటి వల బిగించింది. దాని మీద తడిపిన గాజుగుడ్డ. నాకు జాగ్రత్తలు చెప్పింది. గాజుగుడ్డ ఆరిపోకూడదు. ప్లాస్టిక్ చుట్టకూడదు, వాటికి గాలి కావాలి. పుండు మీద బరువు పడకూడదు. ఏ క్రీమూ, ఏ స్ప్రే వద్దు. నేను అన్నీ పుస్తకంలో రాసుకున్నాను.

మంగళవారం ఆవిడ పై గుడ్డ ఎత్తి నన్ను పిలిచి చూపించింది. వల కింద పసుపు జిగురు నీళ్ళలా పలుచబడింది. పురుగులు అప్పటికే రెండింతలు అయ్యాయి, తలలు కిందికి పెట్టి కదులుతున్నాయి. ఒక మూల, గోరంత మేర, ఎర్రటి కండ కనిపించింది. పది నెలల్లో అక్కడ ఎరుపు నేను చూడడం అదే మొదటిసారి. షెరిల్ నా భుజం నొక్కింది.

ఆ రోజు ఆమె వెళ్ళాక, నేను మాత్రల డబ్బా సర్దుతుంటే శేషగిరిగారు అన్నారు.

"రేపు మీ ఆంటీ తిథి. ఆరేళ్ళయింది. పటం ముందు ఒక హారతి ఇద్దామంటే కర్పూరం లేదు."

"హరిప్రియగారి పూజ గూట్లో ఉంటుందిగా అంకుల్. అడగనా?"

"అడగబాక. మొన్నొకసారి ఎలిగిస్తే పైనున్న ఆ పొగ పసిగట్టే గుండ్రటి డబ్బా కొంపలంటుకున్నట్టు అరిచింది. ఫైరింజను వస్తే బిల్లు మనకే పడుద్దని కోడలు అగ్గిపెట్టె కూడా పట్టుకెళ్ళింది. ఆ పిల్లదీ తప్పు లేదు. నువ్వొక చిన్న డబ్బా తెచ్చిపెట్టు. ఒక్క బిళ్ళ, కిటికీ తీసి ఎలిగిస్తా."

కాగితంలో లేని వస్తువు. నాకు గుర్తుంది. కానీ ఆయన నన్ను ఏదీ అడగలేదు అంతకుముందు. సాయంత్రం క్వేకర్స్ హిల్ ఇండియన్ షాపులో పప్పులు కొనుక్కుంటూ ఒక కర్పూరం డబ్బా, ఒక అగ్గిపెట్టె తీసుకున్నాను. బుధవారం పొద్దున ఆయన చేతిలో పెట్టాను. నేనుండగానే కిటికీ తెరిచి, పటం ముందు ఒక్క బిళ్ళ వెలిగించారు. ఇద్దరం కళ్ళకి అద్దుకున్నాం. ఆయన చాలాసేపు పటాన్నే చూస్తూ కూర్చున్నారు. మంచి పని చేశానని అనుకుంటూ నేను వెళ్ళిపోయాను.

గురువారం ఏడున్నరకి తలుపు తీయగానే వాసన తగిలింది. హారతి వాసన కాదు. కొబ్బరినూనెలో కలిసిన కర్పూరం. మా చావిట్లో, గేదె తోక కింద పుండు పడినప్పుడు, అమ్మ చేతులకి రెండు రోజులు వదలని వాసన.

శేషగిరిగారు మంచం మీద నిటారుగా కూర్చుని ఉన్నారు. కాలికి కట్టు శుభ్రంగా ఉంది. షెరిల్ కట్టిన దానికంటే నేర్పుగా, మడతల మీద మడత సమంగా వచ్చేలా కట్టి ఉంది.

"అంకుల్, ఏం చేశారు?"

ఆయన దుప్పటి అంచు సరిచేశారు.

"నిన్న మధ్యాన్నం లేచి చూస్తే దుప్పటి మీద ఒకటి పాకతంది. అన్నం మెతుకంత ఉంది. వల సందులోంచి వచ్చినట్టుంది. దాన్ని చూడంగానే చెయ్యి ఆగలేదమ్మాయ్. ఆలోచనేం లేదు. నూనె వెచ్చబెట్టా, బిళ్ళలు నలిపా, వల కొస లేపి పోశా. పోసి, తలకాయలు పైకొస్తయ్యని చూస్తా కూర్చున్నా. అప్పుడు గుర్తొచ్చింది ఇది నా కాలని."

నేను కుర్చీ లాక్కుని ఆయన కాలి దగ్గర కూర్చున్నాను.

"అన్నీ?"

"నేను చేస్తే ఒకటి మిగులుద్దా?" ఆ మాటలో ఒక్క క్షణం పాత కాంపౌండరు పలికాడు. వెంటనే గొంతు తగ్గింది. "పైగుడ్డ మార్చా. ఆవిడకి తెలవదు. నువ్వు చెప్పబాక, భానమ్మా. మురళికి తెలిస్తే నాన్న ఒక్కడూ ఉండలేడంటాడు. ఆళ్ళిద్దరూ రాత్రిళ్ళు వంటింట్లో ముసలాళ్ళని పెట్టే ఆ నర్సింగ్ హోమ్ కాగితాలు చూస్తన్నారు. నాకు ఇంగ్లీషు అంతగా రాకపోయినా బొమ్మలు తెలుస్తయ్."

"రేపు సర్జన్ దగ్గరికి వెళ్ళాలిగా అంకుల్."

"పోతాం. చూద్దాం."

ఆ రోజు షెరిల్ పదింటికి రావాలి, తొమ్మిదికే వచ్చింది. లోపలికి రాగానే ముక్కు ఎగబీల్చి, ఛాతీకి మందు రాసుకున్నావా, జలుబా అని అడిగింది. ఆయన నాకేసి చూడకుండా "యెస్, యెస్, కోల్డ్," అన్నారు.

ఆవిడ వల విప్పింది. పురుగులు కదల్లేదు. మామూలుగా ఈపాటికి అవి బలిసి, ఇక తినేదేమీ లేక పైకి పాకి రావాలట. ఇవి పుండు అడుగున అతుక్కుపోయి, జిడ్డుగా ఉన్నాయి. షెరిల్ సెలైన్ పోసి కడిగింది. మళ్ళీ కడిగింది. మొన్నటి ఎర్రటి మూల అలాగే ఉంది, మిగతాదంతా పసుపు.

"అయ్యో, లవ్," అంది ఆయనతో. "ఒక్కోసారి ఇలా అవుతుంది. ఈ బ్యాచ్ బలహీనంగా వచ్చిందో, నీ పుండు వీటికి పడలేదో. ప్రయత్నించాం కదా. రేపు డాక్టరుకి అదే రాస్తాను."

ఫోటో తీసింది. చచ్చినవాటిని ఒక సంచిలో వేసి, దాన్ని ఇంకో సంచిలో పెట్టి మూతి కట్టింది. ఆయనకి ఆ మాటలన్నీ నేను తెలుగులో చెప్పాలి. 'ప్రయత్నించాం' అన్న చోట నా నోరు ఆగిపోయింది. డాక్టరు ఆ ఒక్క మాట చదువుతాడు. పురుగులు వేశారు, పని చెయ్యలేదు. తర్వాత ఏం రాస్తాడో రెండు వారాల కిందటే చెప్పాడు.

షెరిల్ సంచి తీసుకుని బయటికి నడిచింది. ఆయన నా మొహమే చూస్తున్నారు. నేను గిన్నెలు కడగడానికి కుళాయి తిప్పాను. ఒక ప్లేటు కడిగాను. చెప్పకపోతే సోమవారం మళ్ళీ వస్తాను, ఇడ్లీ పెడతాను, ఏదో ఊరి గొడ్డు కథ వింటాను. ఆయన కాలు లేకుండా వింటాను. కుళాయి కట్టేసి, చేతులు తుడుచుకోకుండానే పరిగెత్తాను.

షెరిల్ కారు వెనక తలుపు వేస్తోంది.

"షెరిల్, అవి వాటంతట అవి చావలేదు."

నేను ఇంగ్లీషులో పొడుగ్గా మాట్లాడలేను. చిన్న చిన్న వాక్యాలు చేసుకుని ఒక్కొక్కటీ చెప్పాను. మా దేశంలో పశువులకి ఇలా చేస్తారు. ఆయన పని అదే. నూనె, కర్పూరం. ఆయన చెయ్యి చేసింది, ఆయన కాదు. ఆవిడ కర్పూరమంటే ఏమిటని అడిగింది. బట్టల్లో పెట్టే తెల్ల ఉండల వాసన వస్తుంది, దేవుడికి వెలిగిస్తామని చెప్పాను. ఆవిడ కారుకి ఆనుకుని నిలబడింది.

"అంటే నిన్నటిదాకా అవి బాగానే పనిచేస్తున్నాయి."

"అవును. మీరు నాకు చూపించారు కదా, ఎర్రగా."

"చూపించాను." ఫోన్ తీసింది, ఆగింది. "అతనికి అది ఎవరు తెచ్చిచ్చారు?"

హరిప్రియగారి పూజ గూట్లో కర్పూరం ఎప్పుడూ ఉంటుంది. ఆ మాటంటే ఎవరూ ఇంకేం అడగరు. కానీ అప్పుడు ఆయన ఆ ఇంట్లో దొంగవుతారు.

"నేను," అన్నాను.

షెరిల్ కళ్ళు మూసుకుని తెరిచింది. "ఇది నేను రాయాలి, లవ్. తెలుసు కదా?"

"తెలుసు."

ఆవిడ అక్కడే నిలబడి సర్జన్ ఆఫీసుకి ఫోన్ చేసింది. చికిత్స మధ్యలో చెడింది, ఫలించకపోవడం కాదు, ఇంకొక బ్యాచ్‌కి వ్యవధి కావాలని రెండుసార్లు చెప్పింది. ఆ మాట రెండోసారి విన్నాక నేను లోపలికి వెళ్ళాను.

శేషగిరిగారు కిటికీలోంచి చూస్తూనే ఉన్నారు.

"చెప్పేశావా?"

"చెప్పాను అంకుల్. ఇంకోసారి వేస్తారు."

"మీ పెదనాన్న గేదె కూడా పొడిచేముందు ఒకసారి నా మొహం చూసింది."

నేను ఇడ్లీ ప్లేటు ఆయన ముందు పెట్టాను. ఆయన ముట్టలేదు.

"కర్పూరం ఎవరు తెచ్చారని అడిగిందా?"

"అడిగింది."

"ఏం చెప్పావు?"

"నేనని."

ఆయన చెయ్యి మంచం మీద కొట్టారు. "ఎవరన్నా నీకు బుద్ధి ఉందంటే నమ్మబాక! నా కాలు సంగతి నాకు తెలవదా? ఇప్పుడు నిన్ను రానిస్తారా ఇక్కడికి? అది ఆలోచించావా?"

అప్పుడు నాకు అర్థమైంది ఆయన కోపం దేనికో.

"ఇడ్లీ చల్లారిపోతోంది అంకుల్," అన్నాను.

ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నారు. తొమ్మిది దాటి చాలాసేపయింది. నా గంటన్నర ఎప్పుడో అయిపోయింది. మాత్రలు మంచినీళ్ళ గ్లాసు పక్కన పెట్టి, తలుపు దగ్గరగా వేసి వచ్చేశాను.

సాయంత్రం ఏజెన్సీ నుంచి ఫోన్ వచ్చింది. మర్యాదగానే మాట్లాడారు. ఒక హెచ్చరిక లేఖ ఈమెయిల్‌లో వస్తుంది. కెల్లీవిల్ షిఫ్టు ఇంకెవరికో ఇస్తారు. ఆ క్లయింటుతో గాని, వారి కుటుంబంతో గాని మాట్లాడకూడదు. సోమవారం నుంచి రౌస్ హిల్‌లో ఒక కొత్త క్లయింటు.

డోరతీ అని, ఎనభై ఎనిమిదేళ్ళ ఆవిడ. రోజూ నన్ను కొత్తగా చూసి, నేనెవరని అడుగుతుంది. చెబితే "హౌ లవ్లీ" అంటుంది. ఆవిడకి స్నానం చేయించి, టోస్టు మీద జామ్ రాసి, జుట్టు దువ్వి వస్తాను. ఆ వీధిలోంచి మెట్రో రైలు వంతెన కనిపిస్తుంది. కెల్లీవిల్ మీదుగా వెళితే ఇంటికి దగ్గర. నేను చుట్టు తిరిగి వెళ్ళేదాన్ని. ఒకసారి మాత్రం ఆ వీధి చివర కారు ఆపి కూర్చున్నాను. గరాజు తలుపు మూసి ఉంది. గ్రానీ ఫ్లాట్ వీధిలోకి కనిపించదు. పురుగులు మళ్ళీ వచ్చాయో లేదో, వేయించుకున్నారో లేదో, ఆస్పత్రికి తీసుకెళ్ళారో, ఎవరిని అడగాలి? కాసేపుండి వచ్చేశాను. ఇంట్లో సింకులో ఎవరివో రెండు గిన్నెలున్నాయి. వాటినీ కడిగాను.

ఏడో వారంలో డోరతీ మోకాలి కింద చర్మం బల్ల అంచుకి గీరుకుని చిరిగింది. కట్టు కట్టడానికి వచ్చిన నర్సు షెరిల్. గుమ్మంలో నన్ను చూసి ఆగిపోయింది. తర్వాత ఏమీ జరగనట్టు లోపలికొచ్చి పని మొదలుపెట్టింది. నేను బేసిన్ పట్టుకున్నాను. అడగాలని ఉంది.

"వేరే పేషెంట్ల సంగతి నేను చెప్పకూడదు," అంది ఆవిడ, డోరతీ కాలి మీద నుంచి తల ఎత్తకుండా.

"తెలుసు."

"కొందరు కొడుకులుంటారు. మూడు రోజులు సెలవు పెట్టి, ప్లాస్టిక్ కుర్చీలో ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని, నాన్న కాలిని క్రికెట్ మ్యాచ్ చూసినట్టు చూస్తూ కూర్చుంటారు." టేపు కత్తిరించింది. "నేనేం పేరు చెప్పలేదు."

"లేదు."

సంచి సర్దుకుని గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది.

"మంగళవారం ఒకాయనకి బూట్ల కొలతలు తీయించాం. జత," అంది. రెండు వేళ్ళు చూపించింది. కారెక్కి వెళ్ళిపోయింది.

నేను కాసేపు గుమ్మంలోనే ఉన్నాను. అమ్మకి ఫోన్ చేద్దామనుకున్నాను. అక్కడ ఇంకా తెల్లవారలేదు. చేసినా, ఎవరాయన, ఏం కాలు, పురుగులేమిటని మొదటి నుంచీ చెప్పుకురావాలి. ఈ మాట వినగానే అర్థమయ్యే మనిషి ఒక్కరే ఉన్నారు. ఆయనతో నేను మాట్లాడకూడదు.

లోపలికొచ్చి డోరతీ వెనక నిలబడి జుట్టు దువ్వడం మొదలుపెట్టాను. దువ్వుతూ తెలుగులో చెప్పాను.

"మా వైపు మనిషి ఒకాయన ఉన్నారు డోరతీగారూ. పశువుల కాంపౌండరు. కాలు పోతుందన్నారు. పోలేదు. పురుగులు శుభ్రం చేసేశాయి. కొడుకు పక్కన కూర్చుని చూశాడంట. బూట్లు కుట్టిస్తున్నారు."

ఆవిడ కదలకుండా విన్నది. చెప్పడం అయ్యాక అద్దంలో నన్ను చూసి నవ్వింది.

"హౌ లవ్లీ, డియర్." కొంచెం ఆగి, బయట వాన వచ్చేలా ఉంది, తీగ మీద బట్టలున్నాయా అని అడిగింది.

బట్టలు లేవు. నాకు తెలుసు. అయినా దువ్వెన బల్ల మీద పెట్టి, పెరట్లోకి వెళ్ళి చూసి వచ్చాను.